అడవికి తీసుకొచ్చే ముందు గ్రామసభకి రండి



విశాఖలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ ఉంది. పట్నం పిల్లల్నీ, అపార్టుమెంట్లలో ఉండే కుటుంబాల్నీ సెలవు రోజుల్లో కొండలకీ అడవికీ తీసుకొస్తారు. పక్షుల్ని చూపిస్తారు, చెట్ల పేర్లు చెప్తారు, గుడారాల్లో పడుకోబెడతారు, వెళ్ళేటప్పుడు ప్లాస్టిక్ ఏరించి మరీ తీసుకెళ్తారు. మొన్న వాళ్ళ వాలంటీర్ల సమావేశంలో "సమాజాన్ని ప్రకృతితో కలపడం" అనే విషయం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. అక్కడ మాట్లాడిందే కొంచెం సర్ది ఇక్కడ పెడుతున్నాను. ఇది ఆ ఒక్క సంస్థతో అయిపోయే మాట కాదు. ఇది చదువుతున్న మీలో చాలామంది ఏదో ఒక చలికాలం లంబసింగికో, అరకుకో, వంజంగికో వచ్చే ఉంటారు. రాకపోతే రావాలని అనుకుంటూ ఉంటారు. అందుకని ఇది మీతోనే మాట్లాడుతున్నాను అనుకోండి.

ముందే ఒక మాట. నేను ఎవరినీ తిట్టడానికి రాలేదు. పిల్లలు ఫోన్ పక్కన పెట్టి ఒక పూట చెట్టు కింద కూర్చుంటే నాకూ సంతోషమే. గాలి, నీడ, నీళ్ళు ఎవరికైనా కావాలి. పట్నంలో కాలువ పక్కన గది అద్దెకు తీసుకుని బతికే కూలోడి పిల్లకి కూడా అడవి చూసే హక్కు ఉంది. ఆ సంస్థ వాళ్ళు డబ్బున్న స్కూళ్ళనే కాదు, అలాంటి పిల్లల్ని కూడా తీసుకొస్తున్నారు. అది మంచి పని. ఆ మంచి పని చెడ్డవాళ్ళకి దారి వేయకుండా ఉండాలంటే ఏం చేయాలి అన్నదే నా మాట.

మొదట ఆ "కలపడం" అనే మాట చూద్దాం.

మా ఇళ్ళలో "ప్రకృతి" అనే మాట నేను చిన్నప్పుడు వినలేదు. స్కూలు పుస్తకంలో చదివాను. ఇంట్లో ఉన్నవి కొండ, గెడ్డ, పోడు, ఊట, పశువుల దారి, దేవత చెట్లు. వీటన్నిటికీ కలిపి ఒక పేరు పెట్టి దూరంగా నిలబడి చూసే అవసరం మాకు రాలేదు. ఒకసారి క్యాంపుకి వచ్చిన ఒక అబ్బాయి మా ఊరి అవ్వని ఒక మొక్క చూపించి అడిగాడు, "అమ్మమ్మా, దీని పేరేంటి?" అని. ఆవిడ, "దేనికి కావాల బాబూ? కడుపునొప్పికా, దెబ్బకా?" అంది. ఆ అబ్బాయి పుస్తకంలో రాసుకోవడానికి అడిగాడు. ఆవిడ ఎవరికో ఒంట్లో బాగోలేదనుకుంది. ఇద్దరూ మంచివాళ్ళే. కానీ ఆ మొక్కతో ఇద్దరికీ ఉన్న సంబంధం ఒకటి కాదు.

మా సంబంధానికి కట్టుబాట్లు ఉన్నాయి. ఏజెన్సీలో కొత్త పండుగలు చేస్తాం. మామిడి కొత్త, చిక్కుడు కొత్త, కొర్ర కొత్త, సామ కొత్త. ఆ పండుగ అయ్యేదాకా ఆ కాయ, ఆ గింజ నోట పెట్టకూడదు. ఊరంతా కలిసి ఒక రోజు అనుకుని, పూజారి దేవతకి పెట్టాక, అప్పుడు తింటాం. బయటి నుంచి చూసేవాళ్ళకి ఇది మూఢనమ్మకంలా కనిపిస్తుంది. కాసేపు ఆలోచించండి. కాయ ముదరకుండా కోయకూడదు, టెంక గట్టిపడాలి, ఒకడు ముందుగా వెళ్ళి చెట్టంతా దులిపేయకూడదు, ఊళ్ళో అందరికీ ఒకేసారి అందాలి. ఇన్ని నియమాలు ఆ ఒక్క పండుగలో ఉన్నాయి. దుంప తవ్వినప్పుడు తీగ మొదలు మళ్ళీ గుంటలో పెట్టి మట్టి కప్పి వస్తారు మా పెద్దవాళ్ళు. వచ్చే ఏడు అక్కడే దుంప ఉండాలి కదా. తేనె తీసేవాళ్ళు పట్టు మొత్తం కోసుకుని రారు. ఇవేవీ ఎవరో వచ్చి నేర్పిన పాఠాలు కాదు. ఆ కొండ మీదే రేపు కూడా బతకాల్సినవాళ్ళు పెట్టుకున్న లెక్కలు.

అందుకే సమాజాన్ని ప్రకృతితో కలుపుతాం అని ఎవరైనా అంటే నేను అడిగే ప్రశ్న ఇది. ఏ సమాజాన్ని? ఎవరి ప్రకృతితో? మధ్యలో ఉన్న ఊరిని అడిగారా?

మీరు మన్యం వచ్చినప్పుడు ఏం చూస్తారో ఒకసారి గుర్తు చేసుకోండి.

నవంబరు, డిసెంబరు నెలల్లో అరకు దగ్గర కొండవాలు అంతా పసుపు పచ్చగా ఉంటుంది. అందరూ దిగి ఫోటోలు తీసుకుంటారు. అవి అడవి పూలు కావు, వలిసెలు. నూనె గింజల పంట. ఒక రైతు దున్ని చల్లిన చేను. మీరు మధ్యలోకి నడిచి వెళ్ళి నిలబడిన చోట ఆ గింజ పోయినట్టే. ఇప్పుడు కొందరు రైతులు ఫోటోకి ఇంత అని తీసుకుంటున్నారు. "చూశారా, వీళ్ళు కూడా డబ్బు మనుషులైపోయారు" అని కొంతమంది నవ్వుతారు. చేను తొక్కించుకున్నవాడు అడగకపోతే ఎవరు అడుగుతారు?

తర్వాత పొడవుగా, నిటారుగా వరసగా ఉండే చెట్లు. వాటి మధ్య పొగమంచు. రీల్స్‌లో "దట్టమైన అడవి" అని పెడతారు. అవి సిల్వర్ ఓక్ చెట్లు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన జాతి. కాఫీకి నీడ కోసం, మిరియాల తీగ పాకించడం కోసం మా వాళ్ళు నాటినవి. అది తోట. దాని వెనక ఒక కుటుంబం ఏడాది కష్టం ఉంది.

నర్సీపట్నం నుంచి లంబసింగి ఎక్కే ఘాట్ రోడ్డు మీద తెల్లవారుజామున మీ కార్లు వరస కడతాయి. ఆ దారిలో రోడ్డు వేసిన రోజుల్లో కూలి సరిగా ఇవ్వకుండా మా తాత ముత్తాతల చేత పని చేయించారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పేరు చరిత్ర పుస్తకాల్లో ఉంది. ఆ వెట్టి, ఆ అటవీ చట్టాల బాధ కలిసే 1922లో మన్యం తిరుగుబాటు అయింది. ఆ ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, వాళ్ళతో నడిచిన మన్యం వీరులు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేశారు. మీరు మంచు చూడటానికి వెళ్ళే దారి అది.

అరకు రైలు కూడా అంతే. అద్దాల పెట్టె 2017లో పెట్టారు, సొరంగాలు, లోయలు చూస్తూ వస్తారు. ఆ లైను 1960లలో వేసింది ప్రయాణికుల కోసం కాదు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి తెచ్చి జపాన్‌కి పంపడానికి వేశారు. ఇప్పటికీ ఆ పట్టాల మీద గూడ్సు బండ్లు ఖనిజం మోసుకుంటూ మీ రైలు పక్క నుంచి పోతాయి.

ఇవన్నీ మీ సరదా పాడు చేయడానికి చెప్పడం లేదు. పిల్లలకి పక్షి పేరు చెప్పినట్టే ఇవి కూడా చెప్పండి అంటున్నాను. చెట్టు చూపించి మనిషిని దాచేస్తే అది సగం పాఠమే.

ఇప్పుడు ఇంకో మాట. అడవితో సంబంధం తెగిపోయింది పట్నం వాళ్ళకేనా?

మాకూ తెగుతోంది. మాకు తెంచారు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు కొట్టడం నేరమైంది, కట్టె తెచ్చుకోవడం నేరమైంది, పశువుల్ని తోలడం నేరమైంది. నిన్నటిదాకా ఇంటి పెరడులా తిరిగిన కొండలోకి దొంగలా వెళ్ళాల్సి వచ్చింది. స్వతంత్రం వచ్చాక కూడా ఆ భయం పోలేదు. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. ఆ చట్టం ముందుమాటలోనే అడవి బిడ్డలకి చారిత్రక అన్యాయం జరిగిందని ఒప్పుకున్నారు. అయినా మా దగ్గర వ్యక్తిగత పట్టాలు ఇచ్చినంతగా సామూహిక హక్కులు ఇవ్వలేదు. మనిషికి ఎకరమో రెండెకరాలో కాగితం రాసిచ్చి, కొండ మొత్తం మీద ఊరికి ఉన్న హక్కుని పక్కన పెట్టేశారు.

రెండోది బడి. మా పిల్లలు ఐదారేళ్ళకే ఆశ్రమ పాఠశాలకి వెళ్ళిపోతారు. ఊళ్ళో బడి సరిగా నడవదు కాబట్టి తల్లిదండ్రులకి వేరే దారి లేదు. చదువు కావాలి, అందులో అనుమానం లేదు. ఆ చదువు వల్లే ఈ రోజు నేను ఈ మాటలు రాయగలుగుతున్నాను. కానీ ప్రహరీ గోడ లోపల పదేళ్ళు. కొత్త పండుగలప్పుడు ఇంట్లో ఉండరు. ఇప్పపువ్వు ఏరే రోజుల్లో పరీక్షలు. గెడ్డలో చేప పట్టడం, అడ్డాకు కుట్టడం, ఏ దుంప ఉడకబెట్టి నీళ్ళు పారబోసి తినాలో తెలుసుకోవడం, ఇవన్నీ నేర్పే వయసులో పిల్ల ఇంట్లో లేదు. కువి, పోర్జ, గదబ, కోటియా మాట్లాడే పిల్లలు మొదటి రోజు నుంచే వేరే భాషలో కూర్చుంటారు. మొక్క పేరు తెలిసిన భాష పోతే ఆ మొక్క గురించి తెలిసింది కూడా పోతుంది.

అంటే ఒకే కొండ మీద రెండు దృశ్యాలు. గోడ బయట పట్నం పిల్లలకి ప్రకృతి శిబిరం. గోడ లోపల అదే కొండ పిల్లలు కిటికీలోంచి చూస్తున్నారు. "ప్రకృతితో కలపడం" అనే పని నిజంగా చేయాలనుకునేవాళ్ళు ముందు ఆ గోడ దగ్గర మొదలుపెట్టాలని నేను అంటాను.

బయటి సంస్థలు మాకు ఏమీ చేయలేదని చెప్పడం అబద్ధం అవుతుంది. ఒక పెద్ద ఉదాహరణ మన దగ్గరే ఉంది.

బొర్రా గుహలు చూశారు కదా. అనంతగిరి మండలం. ఆ గుహల చుట్టూ ఉన్న ఊళ్ళలో కాల్సైట్ తవ్వకాలకి ప్రైవేటు కంపెనీలకి లీజులు ఇచ్చారు. అది షెడ్యూల్డ్ ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దాన్ని సవరించిన 1/70 ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి వెళ్ళకూడదు. ప్రభుత్వ భూమిని ప్రభుత్వమే ప్రైవేటు కంపెనీకి లీజుకి ఇస్తే అది ఈ చట్టం కిందకి రాదని అప్పటి వాదన. సమత అనే స్వచ్ఛంద సంస్థ అక్కడి ఊళ్ళ వాళ్ళతో నిలబడి కోర్టుకి వెళ్ళింది. హైకోర్టులో ఓడిపోయారు. సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 1997 జూలై 11న తీర్పు వచ్చింది. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు మా వైపు. చట్టంలో "వ్యక్తి" అంటే ప్రభుత్వం కూడా వస్తుంది, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి ఇవ్వడం చెల్లదు అని కోర్టు చెప్పింది. తవ్వకం జరిగేచోట లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతం అభివృద్ధికి నిధిగా పెట్టాలని కూడా చెప్పింది.

ఆ తీర్పు పేరు దేశమంతా "సమత తీర్పు" అనే చెప్పుకుంటారు. మీరు ఈ రోజు బొర్రా చుట్టూ పచ్చదనం చూసి మురిసిపోతున్నారంటే దాని వెనక ఆ ఊళ్ళ వాళ్ళ పోరాటం ఉంది, వాళ్ళ పక్కన నిలబడిన ఒక సంస్థ ఉంది. ఆ సంస్థ ఊరి ముందు నడవలేదు, ఊరి బదులు మాట్లాడలేదు. ఊరికి ఉన్న హక్కుని కాగితం మీదకీ కోర్టులోకీ తెచ్చింది. సమాజాన్ని ప్రకృతితో కలపడం అంటే నా దృష్టిలో అది.

సరిహద్దు అవతల ఒడిశాలో నియమగిరి. మా వైపు కువి మాట్లాడేవాళ్ళకి డోంగ్రియా కోందులు భాషలో దగ్గరవాళ్ళు. బాక్సైట్ తవ్వకం మీద 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలని అడగమంది. 12 గ్రామసభలు పెట్టారు. 12 గ్రామసభలూ వద్దన్నాయి. కొండ నిలిచింది. మా చింతపల్లి ప్రాంతంలో కూడా 2015లో జీవో 97తో 1,212 హెక్టార్ల అడవిని బాక్సైట్ కోసం ఇచ్చారు. మన్యం అంతా లేచింది. 2019లో దాన్ని రద్దు చేశారు. ఈ కొండల్ని కాపాడింది ఎవరు అంటే, టికెట్ కొని చూసినవాళ్ళు కాదు, వద్దని చెప్పే హక్కు ఉన్నవాళ్ళు. ఆ హక్కు ఉంటే అడవి ఉంటుంది. ఆ హక్కు పోతే మీ శిబిరానికి కూడా చోటు ఉండదు.

ఇప్పుడు అసలు భయం చెప్తాను.

మంచి మనసుతో ఒక సంస్థ ఒక కొండకి 40 మందిని తీసుకొస్తుంది. వాళ్ళు ఫోటోలు పెడతారు. వచ్చే ఏడు వాటిని చూసి వేలమంది వస్తారు. వాళ్ళకి తిండి కావాలి, పడక కావాలి, పార్కింగ్ కావాలి. భూమికి ధర వస్తుంది. అప్పుడు కారులో ఒకాయన దిగుతాడు. "నీ పేరు మీదే ఉంటుంది తమ్ముడూ, పెట్టుబడి నాది, నెలకి ఇంత ఇస్తా" అంటాడు. పేరు మనది, భూమి ఆయనది. దీన్నే బినామీ అంటారు. ఊరివాడు తన భూమిలోనే వాచ్‌మన్ అవుతాడు. ఊరి ఆడపిల్లలు గిన్నెలు కడుగుతారు. రాత్రి అతిథుల ముందు ధింసా ఆడాలి. ధింసా మా పెళ్ళిళ్ళలో, పండుగల్లో ఒకరి నడుము ఒకరు పట్టుకుని, తుడుం, మోరి మోగుతుంటే ఊరంతా కలిసి ఆడేది. దాన్ని క్యాంప్‌ఫైర్ దగ్గర గంటకి ఇంత అని కొంటున్నారు.

కొండ మీద మరుగుదొడ్లు ఉండవు. వందలమంది తెల్లవారుజామున ఎక్కుతారు. ఆ కొండ ఊటే కింద గూడెం తాగే నీళ్ళు. వాన పడితే పైన ఉన్నదంతా గెడ్డలోకి వస్తుంది. మీరు ట్రెక్కింగ్ దారి అని పిలిచే చాలా దారుల్ని మేం డోలీ దారులు అంటాం. పురుటి నొప్పులొచ్చిన ఆడమనిషిని కర్రకి దుప్పటి కట్టి మోసుకొచ్చే దారులు. వ్యూ పాయింట్‌కి రోడ్డు తొందరగా పడుతుంది. పక్క గూడేనికి పడదు. ఆ తేడా ఊరికి కనిపిస్తూనే ఉంటుంది.

ఇది నా ఊహ కాదు. పర్యాటకం పెరగాలంటే 1/70 చట్టాన్ని సవరించాలి అనే మాట 2025లో పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళ నోటి నుంచే వచ్చింది. ఫిబ్రవరిలో మన్యం అంతా 48 గంటలు బంద్ చేసింది. దుకాణాలు, బస్సులు, టూరిస్టు స్పాట్లు అన్నీ ఆగాయి. చట్టం జోలికి వెళ్ళబోమని ప్రభుత్వం చెప్పింది. గుర్తు పెట్టుకోండి, ఈసారి మా భూమి అడిగింది గని పేరుతో కాదు, ప్రకృతి అందాల పేరుతో. అందుకే "ప్రకృతికి దగ్గర చేస్తాం" అనే మాట వినగానే మా పెద్దవాళ్ళు భయపడతారు. మీరు బాధపడొద్దు. వాళ్ళ భయానికి కారణం ఉంది.

ఇక్కడ మీరు ఒక ప్రశ్న అడుగుతారు, నాకు తెలుసు. "అయితే రావొద్దంటారా? మీ కుర్రాళ్ళకి ఉపాధి వద్దా?"

రావొద్దు అనడం లేదు. మా కుర్రాళ్ళకి పని కావాలి. డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్నవాళ్ళు ప్రతి గూడెంలో ఉన్నారు. గుడారాలు వేసి, బొంగు చికెన్ అమ్మి, గైడ్‌గా నడిచి ఇంటికి నాలుగు రూపాయలు తెస్తున్న తమ్ముళ్ళు ఉన్నారు. వాళ్ళని తప్పు పట్టే హక్కు నాకు లేదు. బినామీకి సంతకం పెట్టినవాళ్ళు కూడా ఉన్నారు, మనవాళ్ళే. ఆసుపత్రి ఖర్చుకో, చెల్లి పెళ్ళికో పెట్టారు. అందుకే దీన్ని ఒక్కొక్క మనిషి మంచితనానికి వదిలేయకూడదు. ఒంటరిగా ఉన్నవాడి చేత సంతకం పెట్టించడం తేలిక. ఊరంతా కూర్చుని తీసుకున్న నిర్ణయాన్ని దాటడం కష్టం. గ్రామసభ ఉన్నది అందుకే.

చట్టం కూడా అదే చెప్తోంది. 1996 పీసా చట్టం మా ఆచారాల్ని, ఉమ్మడి వనరుల్ని కాపాడుకునే అధికారం గ్రామసభకి ఉందని చెప్పింది. భూమి అన్యాక్రాంతం కాకుండా ఆపే అధికారం గురించి కూడా చెప్పింది. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 5 ఇంకా స్పష్టంగా ఉంది. అడవిని, జంతువుల్ని, నీటి వనరుల్ని కాపాడుకునే అధికారం హక్కుదారులకీ, గ్రామసభకీ ఉంది. సామూహిక అటవీ వనరుల్లోకి ఎవరు ఎలా రావాలో గ్రామసభ నిర్ణయిస్తే, అది అమలయ్యేలా చూసే అధికారమూ ఉంది. అంటే మిమ్మల్ని ఆహ్వానించాల్సింది రిసార్టు ఓనరు కాదు, ఊరు.

కాబట్టి ఆ సంస్థ వాళ్ళకి చెప్పిన ఐదు మాటలే మీకూ చెప్తున్నాను. మీరు సంస్థ నడుపుతున్నా, స్కూలు నడుపుతున్నా, కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్‌లో ఉన్నా, స్నేహితులతో వస్తున్నా.

ఒకటి. పోస్టర్ వేయకముందు గ్రామసభకి రండి. సర్పంచి ఒక్కరితో ఫోన్‌లో మాట్లాడటం గ్రామసభ కాదు. ఆ కొండ ఏ గూడేనిదో ఆ గూడెంలో, ఆడవాళ్ళు కూడా కూర్చున్న సభలో, ఎంతమంది వస్తారు, ఏ దారిన వెళ్తారు, ఎక్కడ పడుకుంటారు, చెత్త ఏం చేస్తారు అని చెప్పండి. ఊరు ఏ నెలల్లో వద్దంటే ఆ నెలల్లో రావొద్దు. దేవత చెట్ల వైపు వద్దంటే ఆ వైపు కెమెరా కూడా తిప్పొద్దు. "వద్దు" అనే జవాబు కూడా జవాబే అని ముందే ఒప్పుకుని రండి.

రెండు. భూమి జోలికి వెళ్ళొద్దు. కొనొద్దు, లీజు రాయించుకోవద్దు, శాశ్వత కట్టడం కట్టొద్దు. బినామీ పేరుతో నడిచే చోట బస చేయొద్దు. బుక్ చేసే ముందు "ఇది ఎవరిది?" అని అడగండి. జవాబు తడబడితే అర్థం చేసుకోండి.

మూడు. మా అవ్వలు, తాతలు చెప్పేది పాఠమే. చెప్పినందుకు కూలి ఇవ్వండి, వాలంటీరుకి బస్సు ఛార్జీ ఇచ్చినట్టే. మందు మొక్కల వివరాలు వీడియో తీసి ఇంటర్నెట్‌లో పెట్టే ముందు ఊరి అనుమతి తీసుకోండి. జీవవైవిధ్యం మీద, దానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సామూహిక హక్కు మాకుందని 2006 చట్టమే చెప్పింది. శిబిరానికి ఫీజు తీసుకుంటే అందులో ఊరి వాటా ఎంతో గ్రామసభ పుస్తకంలో రాయండి. గనికే కనీసం 20 శాతం అని సుప్రీంకోర్టు అన్నప్పుడు, కొండని చూపించి సంపాదించే దాంట్లో ఊరికి వాటా అడగడం అత్యాశ కాదు.

నాలుగు. ఆశ్రమ పాఠశాల గోడ లోపలికి రండి. మీరు 40 మంది పట్నం పిల్లల్ని తెస్తే, అదే రోజు ఆ బడి పిల్లలు 40 మందిని కూడా బయటికి తీసుకెళ్ళడానికి అనుమతి తెచ్చుకోండి. ఇద్దరూ కలిసి నడవాలి. ముందు నడిచేది ఊరి పెద్దలు కావాలి. మా పిల్లలు చూపించే వస్తువులుగా ఉండకూడదు. దారి చూపించేవాళ్ళుగా ఉండాలి. కొత్త పండుగకి పిల్లల్ని ఇంటికి పంపమని మాతో కలిసి మీరు కూడా అధికారులకి అర్జీ పెట్టండి. మీరు ఇంగ్లీషులో రాసిన కాగితానికి వాళ్ళు తొందరగా జవాబిస్తారు. ఆ బలం మాకు అరువివ్వండి.

ఐదు. వెళ్ళిపోయాక మర్చిపోవద్దు. ఇక్కడ చలికాచుకున్నవాళ్ళు, 1/70 మీద చెయ్యి వేస్తామన్న రోజు ఎక్కడున్నారు? కొండ మీద పంప్డ్ స్టోరేజ్ అనో, గని అనో, రిసార్టు అనో సర్వే రాళ్ళు పాతిన రోజు ఆ శిబిరానికి వచ్చినవాళ్ళలో పది మంది మా గ్రామసభ తీర్మానాన్ని షేర్ చేసి, కలెక్టరుకి ఒక ఉత్తరం రాసినా మాకు చాలు. అడవితో సంబంధం అంటే అడవి కష్టంలో ఉన్నప్పుడు వచ్చేదే సంబంధం. చుట్టం అంటే పండుగకే కాదు, ఆపదకీ రావాలి.

చిన్న మాటలు కూడా ఉన్నాయి. ప్లాస్టిక్ ప్లేట్లు తేవద్దు, మా ఆడవాళ్ళు కుట్టిన అడ్డాకుల విస్తళ్ళు కొనండి. సంతలో బేరం ఆడేటప్పుడు మాల్‌లో ఎంత ఇచ్చారో ఒకసారి గుర్తు చేసుకోండి. ఇళ్ళ ముందు కూర్చున్నవాళ్ళని అడగకుండా ఫోటో తీయొద్దు. మీ ఇంటి గుమ్మం ముందు ఎవరైనా వచ్చి అలా తీస్తే ఊరుకోరు కదా.

చివరగా మా ఊళ్ళ యువతకి. ఈ పేజీ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు. బయటివాళ్ళకి చెప్పినంత మాత్రాన అయిపోదు. మన ఊళ్ళో గ్రామసభ పుస్తకం ఎవరి దగ్గరుందో కనుక్కోండి. సామూహిక అటవీ హక్కుకి దరఖాస్తు పెట్టారా లేదా చూడండి. పెట్టకపోతే కూర్చుని రాయండి. మన కొండ హద్దులు ఏవో పెద్దవాళ్ళతో నడిచి గుర్తుపెట్టుకోండి, ఫోన్‌లో పాయింట్లు వేసుకోండి. టూరిస్టులు వచ్చే ఊరైతే ఒక తీర్మానం చేయండి. ఎంతమంది, ఏ దారి, ఎంత రుసుము, ఆ డబ్బు దేనికి, అన్నీ అందులో ఉండాలి. నీళ్ళ పైపుకా, బడికా, డోలీ మోసే దారిని బాగు చేయడానికా, ఊరే చెప్పాలి. అప్పుడు వచ్చేవాళ్ళు అతిథులవుతారు. లేకపోతే మనమే మన కొండ మీద అతిథులం అవుతాం.

ఆ సంస్థ వాళ్ళు నా మాటలు విన్నాక, వచ్చే శిబిరం వాయిదా వేసుకుని ముందు గ్రామసభకి వస్తామన్నారు. తేదీ ఊరు చెప్పాలి. చెప్తుంది. సంత రోజు కాకుండా, అందరూ ఇంట్లో ఉండే రోజు చూసి చెప్తుంది. వాళ్ళు నేల మీద కూర్చుని, ఆడవాళ్ళు అడిగే ప్రశ్నలకి జవాబు చెప్పాలి. ఊరు సరే అంటే పిల్లల్ని తీసుకురావొచ్చు.

మీరు కూడా అలాగే రండి. అడిగి రండి. అడిగి వచ్చినవాళ్ళకి మా గూడేల్లో అంబలి లేదని ఎవరూ అనలేదు.

జోహార్. జై ఆదివాసీ.